ఒకే బస్సులో మేడారం దాకా

శుక్రవారం

సాయంత్రం హనుమకొండలో బస్సు కదలకముందే పిల్లలు సీట్లు పంచేసుకున్నారు. ముందు అమ్మాయిలు, వెనక అబ్బాయిలు అన్నది ఎక్కడైనా ఉండేదే. కాస్త నిలబడి చూస్తే ఇంకా చాలా గీతలు కనిపించాయి. ఇంజనీరింగ్ వాళ్లంతా ఒకవైపు, డిగ్రీ వాళ్లు ఇంకోవైపు. గురుకులాల్లో చదివి వచ్చినవాళ్లు ఒకరినొకరు ఇట్టే పట్టేసి మూడు వరుసలు నింపారు. వరంగల్ మండీబజారు నుంచి వచ్చిన ఇద్దరు ముస్లిం అమ్మాయిలు డ్రైవరన్న వెనక సీట్లో. చూపులేని బీఏ విద్యార్థి ఒకతను కిటికీ పక్కన, అతని పక్క సీట్లో అతని సంచి. నేను ఎవరినీ లేపి వేరేచోట కూర్చోబెట్టలేదు. మొదటి గంటలోనే అలా చేస్తే పిల్లలు ఇదీ ఒక పరీక్షే అనుకుని జాగ్రత్తగా మాట్లాడటం మొదలుపెడతారు. జాగ్రత్తగా మాట్లాడే పిల్లలతో ఈ పని సాగదు.

నోటీసులో 'డైవర్సిటీ రిట్రీట్' అని ఉంటుంది. పిల్లలు మాత్రం క్యాంపు అంటారు. మా కాలేజీలో చదివే, రకరకాల ఇళ్లలో పెరిగినవాళ్లను కలిపి తీసుకెళ్లి, కొన్ని రోజులు ఒకేచోట ఉంచి, తిండి, పని, తిరుగుడు, మాట అన్నీ కలిసి చేయించడం మా పని. నాతో పాటు ఇంకో లెక్చరర్ సారు కూడా పిల్లల్ని నడిపిస్తారు. ఈ పద్ధతి ఎక్కువగా అమెరికా కాలేజీల నుంచి వచ్చింది. అక్కడ మాట ముందు ఒంటి రంగు దగ్గర మొదలవుతుంది. మన దగ్గర కులం ముఖం మీద రాసి ఉండదు, అడిగి తెలుసుకోవాల్సిందే. ఊళ్లో పెద్దవాళ్లు సూటిగానే అడుగుతారు, "మీరు ఏమోళ్లు బిడ్డా?" అని. క్యాంపస్‌లో అదే ప్రశ్న "నీ ర్యాంకెంత?" అని వస్తుంది. ర్యాంకు చెప్పగానే సీటు ఏ కేటగిరీలో వచ్చిందో ఎదుటివాడు లెక్క కట్టేస్తాడు. మొదటి సంవత్సరం పిల్లలు హాస్టల్ మెట్లెక్కిన రోజే ఈ ప్రశ్న ఎదుర్కొంటారు.

కాజీపేట వైపు వెళ్తుంటే ఎన్‌ఐటీ గేటు దాటాం. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ అది. అప్పట్లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ. సగం సీట్లు సొంత రాష్ట్రానికి, మిగతా సగం వేరే రాష్ట్రాలకు అన్న లెక్కతో మొదలైంది. దేశం నలుమూలల పిల్లలు ఒకచోట చదివితే దేశం కలుస్తుందని ఆ తరం గట్టిగా నమ్మింది. ఆ నమ్మకమంటే నాకు చాలా గౌరవం. కానీ సీట్లు కలిసినంత మాత్రాన మెస్సులో బల్లలు కలవవు. రోజూ కాలేజీలో చూస్తున్నదే ఇది.

బసకు చేరాక గదులు చీటీలు తీసి పంచాం. కొన్ని ముఖాలు వాడిపోయాయి. ఆ తర్వాత అందరం కింద గుండ్రంగా కూర్చుని కట్టుబాట్లు మాట్లాడుకున్నాం. ఎవరి కథ వాళ్లే చెప్పాలి, పక్కవాళ్ల కథ వాళ్ల తరఫున చెప్పకూడదు. ఇక్కడ విన్నది బయటికి పోకూడదు. కులం, మతం, ర్యాంకు ఎవరూ ఎవరినీ అడగకూడదు, ఎవరైనా తామై చెబితే వినాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, మాట్లాడను అనే హక్కు అందరికీ ఉంది, కారణం చెప్పాల్సిన పనిలేదు. చివరిది వినగానే వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒక అబ్బాయి భుజాలు దిగాయి. అది చూశాక ఆ రాత్రి నాకు కొంత ధైర్యం వచ్చింది.

పిల్లలు పడుకున్నాక సారుకూ నాకూ వాదన జరిగింది. ఆయనకు 'ప్రివిలేజ్ వాక్' చేయించాలని ఉంది. అందరినీ ఒక వరుసలో నిలబెట్టి, మీ అమ్మానాన్నల్లో ఎవరైనా డిగ్రీ చదివితే ఒక అడుగు ముందుకు వేయండి, చదువుకోవడానికి ఇంట్లో మీకంటూ గది ఉంటే ఒక అడుగు ముందుకు, ఫీజు కట్టలేక ఎప్పుడైనా చదువు ఆగితే ఒక అడుగు వెనక్కి, ఇలా అడుగుతూ పోతారు. చివరికి మైదానంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో అందరికీ కనిపిస్తుంది. ముందున్నవాళ్లకు కనువిప్పు కలుగుతుందని సారు వాదన. కలుగుతుంది, కాదనను. కానీ వెనక మిగిలినవాళ్లకు అందులో కొత్తగా తెలిసేదేముంది? తాము వెనక ఉన్నామని వాళ్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడు మిగతావాళ్లు చూస్తుండగా ఇంకోసారి అక్కడ నిలబడాలి. ఒకరి గాయం ఇంకొకరికి పాఠం కావడానికి నేను ఒప్పుకోను. సారు చాలాసేపు వాదించి, చివరకు సరే అన్నారు.

శనివారం

పొద్దున్నే వేయిస్తంభాల గుడి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు, మధ్యలో ఒకే మండపం. అక్కడి నుంచి పద్మాక్షి గుట్ట. బతుకమ్మ పండుగకు వేలమంది ఆడవాళ్లు చేరే చోటు అది, పిల్లల్లో సగంమంది ఎప్పుడో ఒకసారి వచ్చినవాళ్లే. కానీ అక్కడ 1117 నాటి శాసనం ఉందనీ, రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఆ గుట్ట మీద కట్టించింది బసది, అంటే జైన గుడి అనీ చాలామందికి తెలియదు. బండ మీద చెక్కిన జైన మూర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక అమ్మాయి వాటి ముందు నిలబడి, "మా అమ్మమ్మ ప్రతి ఏడు వీళ్లకు కూడ దండం పెడతది మేడం, ఎవరో తెల్వకుంటనే" అంది. నేను దానికి ఏమీ జోడించలేదు.

మధ్యాహ్నం కాజీపేట దర్గా. సూఫీ సాధువు అఫ్జల్ బియాబానీ సమాధి ఉన్న చోటు. ఉర్సుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఏ ప్రార్థనా స్థలం దగ్గరైనా మాది ఒకటే పద్ధతి, లోపలికి రావడం ఎవరికీ తప్పనిసరి కాదు. ఇద్దరు బయట చెప్పులు పెట్టే చోటే ఆగిపోయారు. మిగతావాళ్లలో ఒకడు వాళ్లను పిలవబోతే సారు చెయ్యెత్తి ఆపారు. అది నాకు బాగా నచ్చింది. బలవంతంగా లోపలికి తెచ్చిన మనిషి అక్కడ ఏమీ చూడడు.

ప్రాంగణంలో కూర్చున్నప్పుడు మాట పీర్ల పండుగ మీదికి మళ్లింది. ఎవరూ ప్రశ్న వేయలేదు, ఎలా మొదలైందో తెలియదు. పరకాల దగ్గరి అబ్బాయి తన ఊళ్లో పీరు ఎత్తేది తమ ఇంటివాళ్లేనని చెప్పాడు. ఇంకొకడు అలావా, అంటే పీర్ల ముందు వేసే నిప్పుల గుండం చుట్టూ ఆడే ఆట లేచి ఆడి చూపించాడు. నర్సంపేట వైపు నుంచి వచ్చిన అమ్మాయి వాళ్ల ఊళ్లో ముస్లిం ఇల్లు ఒక్కటీ లేదనీ, అయినా పీర్లు లేస్తాయనీ అంది. మండీబజారు అమ్మాయిలు ఇద్దరూ ఆశ్చర్యంగా విన్నారు. "మా ఇంట్ల మొహర్రం అంటే దుఃఖం. ఆటలు ఉండవు" అని ఒకామె మెల్లగా అంది. అబ్బాయి ఆట ఆపి కూర్చున్నాడు. "తప్పయిందా అక్కా?" అన్నాడు. "లేదు లేదు, చెప్పు, నాకు తెల్వది ఇది" అందామె. ఆ తర్వాత ఇరవై నిమిషాలు వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే మిగతావాళ్లం విన్నాం. మేం రాసుకొచ్చిన ప్రశ్నల కాగితం నా సంచిలోనే ఉండిపోయింది. ఈ పని చేసేవాళ్లకు ముందు రావాల్సింది ప్రశ్నలు వేయడం కాదు, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియడం.

ఫాతిమానగర్ చర్చికి వెళ్లేసరికి ఆలస్యమైంది. 1952లో వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం ఏర్పడింది, ఇక్కడి ఫాతిమామాత చర్చి దానికి కెథడ్రల్, బిషప్ ప్రధాన చర్చి. లోపల కాసేపు కూర్చుని వచ్చేశాం.

రాత్రి భోజనాల తర్వాత చీటీల పని. ప్రివిలేజ్ వాక్ బదులు నేను ఎంచుకున్నది ఇదే. కాలేజీలో నన్ను ఎవరూ అడగని సంగతి ఒకటి, పేరు లేకుండా, కాగితం మీద రాయాలి. చిన్న గుంపులో చేతిరాత పట్టేస్తారు కాబట్టి సారూ నేనూ పక్క గదిలో కూర్చుని అన్నిటినీ ఒకే రాతలో తిరగరాశాం. తర్వాత ఎవరికి ఏది వస్తే అది, 'నేను' అంటూ, తమదే అన్నట్టు చదవాలి. ఎవరిదో ఊహించొద్దు, ఓదార్చొద్దు, చప్పట్లు కొట్టొద్దు.

ఒక చీటీలో, "ర్యాంకు అడిగినప్పుడల్లా అబద్ధం చెప్తాను, ఏ అబద్ధం ఎవరికి చెప్పానో గుర్తుపెట్టుకోవడం కష్టంగా ఉంది" అని ఉంది. ఇంకోటి, "అమ్మ ఫోన్ చేస్తే బయటికి పోయి మాట్లాడతాను, మా భాష వింటే నవ్వుతారని." ఆ భాష ఉర్దూనా, లంబాడీనా, కోయనా అందులో లేదు. అక్కడ ముగ్గురు నలుగురు తలలు దించుకున్నారు. ఇంకోటి, "మా కులం పేరు వినగానే మాకు భూములున్నాయి అనుకుంటారు. మా నాన్న కౌలు రైతు. అప్పులున్నాయి అంటే ఎవరూ నమ్మరు." మరోటి, "హాస్టల్ గదిలో నా పక్కవాడు నా ప్లేటు తీసుకోడు, తన ప్లేటు నాకు ఇవ్వడు, మంచోడే, దోస్తే, కానీ ప్లేటు మాత్రం..." అని ఆగిపోయింది. ఆ చీటీ వచ్చింది బాగా డబ్బున్న ఇంటి అబ్బాయికి. 'నేను' అని చదవాలి కదా, చదివాడు. "ప్లేటు మాత్రం" దగ్గర అతనూ ఆగిపోయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వమని నేను అడగలేదు.

ఆదివారం

ములుగు రోడ్డు మీద పత్తి ట్రాలీలు ఎదురయ్యాయి, ఎనుమాముల మార్కెట్‌కు పోయేవి. జంగాలపల్లి దగ్గర మళ్లి పాలంపేట చేరేసరికి ఎండ ఎక్కింది. రామప్ప గుడిని నేను ఎన్నిసార్లు చూసినా మొదటి నిమిషం మాట రాదు. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఇక్కడ గైడు చెప్పేది వినడానికి బదులు 'జిగ్సా' చేశాం. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, నల్లజాతి, తెల్లజాతి, మెక్సికో మూలాల పిల్లలు అప్పుడే ఒకే తరగతిలోకి వచ్చి కొట్లాడుకుంటున్న రోజుల్లో, ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి తయారుచేసిన పద్ధతి అది. తరగతి గదిలో పోటీయే గొడవ పెంచుతోందని ఆయన గమనించాడు. పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. పక్కవాడు చెప్పేది వినకపోతే ఎవరి పాఠమూ పూర్తికాదు. మేమూ అంతే చేశాం. ఒకరికి నీళ్లలో తేలే ఇటుకలు, ఒకరికి ఎర్ర ఇసుకరాయి, నల్లరాయి తేడా, ఒకరికి రేచర్ల వంశం, ఒకరికి పేరిణి నృత్యం, ఈ శిల్పాలను చూసి నాట్యగురువు నటరాజ రామకృష్ణ దానికి మళ్లీ ప్రాణం ఎలా పోశారో, ఒకరికి పునాది.

ఒక గుంపులో పునాది ముక్క ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన కోయ అమ్మాయికి పడింది. రెండు రోజులుగా ఆమె గొంతు నేను వినలేదు. ఆ గుంపులో గలగలా మాట్లాడే ఇంజనీరింగ్ పిల్లలున్నారు, వాళ్లకు ఆమె కోసం ఆగక తప్పలేదు. గుంత తవ్వి ఇసుక మిశ్రమంతో నింపి దాని మీద కట్టారనీ, భూమి కదిలితే ఆ కుదుపును ఇసుక మింగుతుందనీ కాగితం చూసి చదివింది. చదివి ఆగి, కాగితం పక్కన పెట్టి, "2024 డిసెంబరుల భూకంపం వచ్చింది కదా, మా ములుగు జిల్లాలనే పుట్టింది. పొద్దున్నే. గిన్నెలు కిందపడ్డయ్. మేమంత బయటికి ఉరికినం. గీ గుడి మాత్రం గట్లనే ఉన్నది" అంది. ఇంజనీరింగ్ వాళ్లు నిశ్శబ్దంగా విని, ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఎంతసేపు ఊగింది, ఇంటి గోడలు ఎటు పగిలాయి, మీ ఇల్లు మట్టిదా సిమెంటుదా. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. ఆమెను ఎవరూ 'మీ గిరిజనుల గురించి చెప్పు' అని అడగలేదు. ఆమెకు తెలిసినది వాళ్లకు కావలసి వచ్చింది, అంతే. ఈ రెండింటికీ ఉన్న తేడా కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

తర్వాత ఒక్కొక్కరు ఒక్కో శిల్పం ఎంచుకుని, దాన్ని చూపులేని మా బీఏ విద్యార్థికి మాటల్లో చెప్పాలి. ఇది అతని ఆలోచనే. మేం ముందురోజు రాత్రి రామప్పలో నీకు ఏం కావాలి అని అడిగితే, "నన్ను చెయ్యి పట్టుకుని తిప్పుడు కాదు మేడం, నాకు సరిగ్గ చెప్పాలె. సరిగ్గ చెప్పకపోతే నేను మార్కులు తక్కువ వేస్త" అన్నాడు. అన్నట్టే చేశాడు. మొదటి అబ్బాయి "ఒక నాగిని, చాలా బాగుంది సార్" అన్నాడు. "బాగుంది అంటే ఏం అర్థమైతది? పాములెన్ని? ఏ చేతిల? ఆమె ఎటు చూస్తంది?" అన్నాడు ఇతను. ఎత్తు మడమల చెప్పులున్న శిల్పం గురించి చెప్పబోయిన అమ్మాయిని, "బరువు ఏ కాలు మీద ఉన్నది?" అని అడిగాడు. ఆమె తిరిగి స్తంభం దగ్గరికి పోయి చూసి వచ్చింది. "చెక్కినాయన ఎంత ఎత్తుల కూసుండి చెక్కిండు?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు, అందరూ తలలెత్తి చూశారు. రెండు గంటలు గడిచాయి. ఎప్పుడూ సెల్ఫీలు దిగి బయటికి వచ్చేసే పిల్లలు ఆ నల్లరాతి మదనికల, అంటే స్త్రీ మూర్తుల, చేతుల గాజులు కూడా లెక్కపెట్టారు.

గుడి మెట్లు ఎత్తుగా ఉంటాయి, పీఠం ఇంకా ఎత్తు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు దగ్గరికి రాలేరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు కేటాయించమంది. సీటు దొరికాక తరగతి గది మూడో అంతస్తులో ఉంటే ఏం చేయాలన్నది ఆ మధ్యాహ్నం పిల్లలు మాట్లాడుకున్నారు. వాళ్ల కాలేజీలో లిఫ్టు లేదు.

సాయంత్రానికి పస్రా మీదుగా తాడ్వాయి అడవిలోకి వచ్చాం. 2024 ఆగస్టు చివర్లో గాలివానకు వేల చెట్లు కూలిన అడవి ఇది. బసలో వంట మాదే. బగారా అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు, మాంసం తినేవాళ్లకు కోడికూర వేరే పొయ్యి మీద. ఏం తింటావని ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేకుండా, కూరల ముందు పేర్లు రాసిపెట్టాం.

వంట అయ్యేదాకా అంతా బాగానే ఉంది. తిన్నాక గిన్నెలు మిగిలాయి. ఎవరు తోమాలో మేం ముందే చెప్పలేదు, కావాలనే. ఒక నిమిషంలో నలుగురు లేచి గిన్నెల దగ్గరికి వెళ్లారు. ముగ్గురు అమ్మాయిలు, ఒక అబ్బాయి. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ అడగలేదు. మిగతావాళ్లు ఫోన్లు తీశారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఇంట్లో ఎవరో ఒకరు లేచి ఆ పని చేస్తుంటే చూస్తూ పెరిగారు, అలాగే ఈ నలుగురు లేచి చేస్తూ పెరిగారు. సారు వెళ్లి ఆ నలుగురినీ కూర్చోమన్నారు. గిన్నెల మీద చీటీలు వేశాం. పెద్ద బగారా గిన్నె ప్లేటు చీటీ చదివిన అబ్బాయికే పడింది. వాడికి పీచు ఎలా పట్టుకోవాలో తెలియదు. గిన్నెల దగ్గర నుంచి లేపిన అబ్బాయి పక్కన నిలబడి, "బూడిద వెయ్యి, అడుగంటింది, కొంచెం నానని" అంటూ చెప్పాడు, చెయ్యి మాత్రం పెట్టలేదు. మాట ఎంత మంచిదైనా సగమే పని చేస్తుంది, మిగతా సగం ఇక్కడ జరుగుతుంది.

సోమవారం

పొద్దున్న మేడారం. జాతర లేని రోజుల్లో అక్కడ అంతా ఖాళీ. రెండేళ్లకొకసారి మాఘ పున్నమికి లక్షల మంది కిక్కిరిసే చోట మేమూ, కొబ్బరికాయల దుకాణాలూ, కొన్ని కోతులూ. గద్దెల దగ్గర విగ్రహాలు ఉండవు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కనూ, కన్నెపల్లి నుంచి సారలమ్మనూ కోయ పూజారులే తెస్తారు. మొక్కు తీర్చుకునేవాళ్లు ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటారు.

ఒకబ్బాయి ఉత్సాహంగా కోయ అమ్మాయిని, "చెప్పు చెల్లె, మీ దేవతలే కదా" అన్నాడు. నేను అడ్డం పోవాలా అని చూస్తున్నాను, ఆమె నాకు ఆ అవసరం రానివ్వలేదు. "నేను ఇక్కడికి మొక్కనికి వస్తనన్నా, చెప్పనికి రాలే" అంది. అతను వెంటనే సరే అన్నాడు. కథ మాకు బెల్లం అమ్మే ముసలామె చెప్పింది. కరువొచ్చి కప్పం కట్టలేకపోతే ప్రతాపరుద్రుని సైన్యం వచ్చిందని, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ ఒరిగారని, జంపన్న సంపెంగ వాగులో పడి చనిపోతే అప్పటి నుంచి అది జంపన్నవాగైందని, సమ్మక్క గుట్ట వైపు పోయి కుంకుమ భరిణెగా కనిపించిందని. "సూడు బిడ్డా, పన్ను కట్టలేదని సంపిండ్రు" అంది చివర్లో.

ముందురోజు అంతా కాకతీయుల కళను మెచ్చుకుంటూ గడిపిన పిల్లలు ఇక్కడ అదే రాజ్యాన్ని ఎదురుగా నిలబడి చూడాల్సి వచ్చింది. చరిత్ర విద్యార్థిని ఒకామె, "మరి మేడం, నిన్న మనం మెచ్చుకున్నది తప్పా?" అంది. తప్పు కాదు. రామప్ప నిజం, జంపన్నవాగూ నిజం. రెండింటికీ మధ్య బస్సులో రెండు గంటలైనా పట్టదు. మన పాఠ్యపుస్తకాల్లో మొదటిదానికి పేజీలు ఎక్కువ, రెండోదానికి తక్కువ, అది మాత్రం మార్చుకోవాలి. అదే చెప్పాను.

మధ్యాహ్నం చెట్ల కింద తింటుంటే, అనుకున్నట్టే, రిజర్వేషన్ల మాట వచ్చింది. "కొంచెంలో నాకు మంచి కాలేజీ పోయింది, రిజర్వేషన్ లేకుంటే వచ్చేది" అని ఒకబ్బాయి అన్నాడు. అతనిలో కోపం కన్నా బాధ ఎక్కువ ఉంది. ఇలాంటప్పుడు మేం పెట్టుకున్న పద్ధతి, చట్టం గురించి ఎంతైనా మాట్లాడొచ్చు, ఎదురుగా కూర్చున్న మనిషి సీటు గురించి మాట్లాడకూడదు. సారు లెక్కలు చెప్పారు. 2019 నుంచి అగ్రవర్ణ పేదలకు 10 శాతం, 2022లో రాష్ట్రంలో గిరిజనుల వాటా 6 నుంచి 10కి పెరగడం, 2025లో ఎస్సీల వర్గీకరణ చట్టం. అబ్బాయి తనకు వర్తించేది తెలుసుకుని నోట్ చేసుకున్నాడు.

అంతలో మాట ఇంకోవైపు తిరిగింది. కోయ అమ్మాయి, తన గదిలోనే ఉంటున్న లంబాడీ అమ్మాయి వైపు చూసి, "మా వాటాల మీరే ఎక్కువ తీసుకుంటరు" అంది. తెలంగాణ లంబాడీలు 1976లో ఎస్టీ జాబితాలోకి వచ్చారు, అప్పటి నుంచి ఆదివాసుల మనసులో ఉన్న మాట అది. లంబాడీ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "మా తండాల నేనే మొదటి డిగ్రీ. నేనేం తీసుకున్న?" అంది. రెండు మాటలూ నిజమే. సంఖ్యలో చిన్నవైన తెగలకు దక్కుతున్నది తక్కువన్న బాధ నిజం. తండా నుంచి మొదటిసారి కాలేజీకి వచ్చిన పిల్ల ఎవరి నోటి కూడూ లాక్కోలేదన్నదీ నిజం. ఇద్దరినీ రాజీ పడమని మేం అనలేదు, చేతులు కలపమని అనలేదు. ఆ మాట అక్కడ తేలలేదు. ఒక చెట్టు కింద తేలే మాట కాదది. రాత్రి గది మార్చుకుంటారా అని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ వద్దన్నారు.

సాయంత్రం క్రికెట్. జట్లు మేమే కలిపి వేశాం. దీనికో కారణం ఉంది. మాట్ లో (Matt Lowe) అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది యువకులను తీసుకుని, వాళ్లలో కొందరితో క్రికెట్ లీగులు ఆడించి, మిగతావాళ్లతో పోల్చి చూశాడు. వేరే కులాలవాళ్లతో ఒకే జట్టులో ఆడినవాళ్లకు కులం దాటిన స్నేహాలు పెరిగాయి. వేరే కులాలవాళ్లతో ఎదురెదురుగా ఆడినప్పుడు ఆ మేలు జరగలేదు, ఫలితం ఎదురు తిరిగింది. అంతకుముందే, 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పినది కూడా దాదాపు ఇదే. మనుషులు ఊరికే కలిస్తే చాలదు. సమాన హోదాలో కలవాలి, ఒకే లక్ష్యం ఉండాలి, ఒకరి సాయం ఒకరికి కావాలి, పైవాళ్లు దానికి అండగా నిలవాలి. మన కాలేజీల్లో ఇంట్రా మ్యాచ్‌లకు జట్లు ఎలా పడతాయో చూడండి. హాస్టల్ వర్సెస్ డేస్కాలర్స్, ఆ బ్రాంచి వర్సెస్ ఈ బ్రాంచి. ఆ గోడలు మనమే కట్టి, తర్వాత వాటి మీద సెమినార్లు పెడుతున్నాం. చూపులేని అబ్బాయి స్కోరు చెప్పాడు, బంతి బ్యాటుకు తగిలిన శబ్దం విని ఫోర్ అవునో కాదో చాలాసార్లు ముందే అనేశాడు. అమ్మాయిల్లో ముగ్గురు బౌలింగ్ చేశారు. లంబాడీ అమ్మాయి వేసిన బంతికి సారు అవుటయ్యారు.

మంగళవారం

తిరుగు ప్రయాణానికి ముందు పొద్దున ఒకటే పని, కాలేజీలో ఏం మారాలో రాయడం. ఇది లేకపోతే మిగతాదంతా పిక్నిక్ అయిపోతుంది. ఆల్‌పోర్ట్ చెప్పిన నాలుగో మాట, పైవాళ్ల అండ, ఇక్కడే అవసరం. వివక్ష మీద ఫిర్యాదు చేయడానికి ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, దానికో అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నియమాలు తెచ్చింది. ఆ సంగతి చెబితే పిల్లలెవరికీ తెలియదు. మా కాలేజీలో ఆ అధికారి ఎవరని అడిగారు. చెప్పాను. ఆయన గది ఎక్కడో, తలుపు మీద పేరుందా లేదా చూసి రావడం ఇద్దరు తమ మీద వేసుకున్నారు.

ప్రిన్సిపాల్‌కు ఇవ్వాల్సిన ఉత్తరంలో వాళ్లు రాసుకున్నవి ఇవి. కొత్త పిల్లల పరిచయ సభలో ర్యాంకు చెప్పించకూడదు. మెస్సులో ప్లేట్లు అన్నీ ఒకేచోట ఉండాలి, ఎవరి ప్లేటు వాళ్లది అన్న అలవాటు పోవాలి. చూపులేని విద్యార్థి ఉన్న సెక్షన్ తరగతులు కింది అంతస్తులోకి రావాలి, పుస్తకాలు చదివి రికార్డు చేసే బాధ్యత వంతులవారీగా తీసుకోవాలి. ఆటల్లో జట్లు చీటీలు తీసి వేయాలి. చివరి దాని మీద ఇంజనీరింగ్ వాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, ఇంటర్ కాలేజీ టోర్నమెంటుకు అలా కుదరదని. సరే, కాలేజీ లోపలి మ్యాచ్‌లకే అని రాశారు.

ఉత్తరం తెలుగులోనూ ఉర్దూలోనూ రాయాలని మండీబజారు అమ్మాయి అంది. ఉర్దూ ప్రతి తానే రాస్తానంది. కోయ, లంబాడీ భాషల్లో ఎందుకు వద్దని ఇంకొకరు అడిగితే, వాటిని తెలుగు లిపిలో రాద్దామని తేల్చారు. ఆ రెండు ప్రతులూ రాయడానికి తమ పేర్లు ఇచ్చింది ఒకే గదిలో ఉన్న ఆ ఇద్దరు అమ్మాయిలే. సంతకాలకు బుధవారం మధ్యాహ్నం లంచ్‌లో కలవాలని, ప్రిన్సిపాల్ అపాయింట్‌మెంట్ సారు అడగాలని అనుకున్నారు. సారు బస్సులోంచే ఫోన్ చేశారు. ప్రిన్సిపాల్ గురువారం పదకొండింటికి రమ్మన్నారు.